ఇంటర్ తర్వాత సివిల్స్: హైదరాబాద్‌లో డిగ్రీ ఎంచుకోవడం, సిద్ధమవడం ఎలా

ఇంటర్ ఫలితాలు వచ్చాక నెలరోజుల పాటు ఇంట్లో ఒకటే చర్చ. ఒకవైపు ఎప్‌సెట్ ర్యాంకు, ఇంకోవైపు డిగ్రీ సీట్ల కోసం చేసే దోస్త్ రిజిస్ట్రేషన్ గడువు. ఈ హడావిడిలో పిల్ల "నేను సివిల్స్ రాస్తా" అందంటే తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "సార్, మరి దానికి ఏ డిగ్రీ చదివించమంటరు?"

నిబంధన ప్రకారం జవాబు "ఏదైనా". కానీ ఆ జవాబు పట్టుకుని కాలేజీ ఫారం నింపలేం. అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సివిల్స్ రాకపోయినా మిమ్మల్ని నిలబెట్టే డిగ్రీ తీసుకోండి. సివిల్స్ కోసం జాగ్రత్తగా ఎంచుకోవాల్సింది ఆప్షనల్ సబ్జెక్టు, అంటే ఆ పరీక్షలో మనమే ఎంచుకుని రాసే సబ్జెక్టు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల చాలా ఇళ్లలో మూడు నాలుగేళ్లు వృథా అవుతున్నాయి.

1. ముందు వయసు లెక్క వేయండి

యూపీఎస్సీ సివిల్ సర్వీసెస్ పరీక్షకు గుర్తింపు ఉన్న యూనివర్సిటీ డిగ్రీ ఉంటే చాలు. ఇంత శాతం రావాలన్న షరతు లేదు. దూరవిద్య డిగ్రీ అయినా సరే. ఆఖరి సంవత్సరం చదువుతూ మొదటి దశ అయిన ప్రిలిమ్స్ రాయొచ్చు, రెండో దశ మెయిన్స్‌కు వెళ్లేటప్పుడు పాసైనట్టు రుజువు చూపాలి.

డిగ్రీ సంగతి ఇంత సులువు గనుక చాలామంది వయసు దగ్గర తడబడతారు. పరీక్ష జరిగే ఏడాది ఆగస్టు 1 నాటికి 21 నిండాలి. 2008 సెప్టెంబరులో పుట్టి 2026లో ఇంటర్ పూర్తి చేసిన అమ్మాయినే తీసుకోండి. మూడేళ్ల డిగ్రీ 2029లో అయిపోతుంది, కానీ ఆ ఆగస్టు 1 నాటికి ఆమెకు ఇరవయ్యే. మొదటిసారి రాయగలిగేది 2030లో. అదే అమ్మాయి నాలుగేళ్ల బీటెక్‌లో చేరితే 2030లో ఆఖరి సంవత్సరంలో ఉండగానే రాయొచ్చు. "మూడేళ్ల డిగ్రీ అయితే ఒక ఏడాది కలిసొస్తుంది" అన్న మాట అందరికీ వర్తించదు. మీ పుట్టినతేదీతో కాగితం మీద లెక్క వేసి చూసుకోండి.

పై వయసు జనరల్, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు 32, ఓబీసీలకు 35, ఎస్సీ, ఎస్టీలకు 37. జనరల్, ఈడబ్ల్యూఎస్ వాళ్లు ఆరుసార్లు, ఓబీసీలు తొమ్మిదిసార్లు రాయొచ్చు. ఎస్సీ, ఎస్టీలకు వయసు ఉన్నంతవరకు పరిమితి లేదు. దరఖాస్తు చేసి హాల్‌కు వెళ్లకపోతే అటెంప్ట్ కింద లెక్క కాదు. ప్రిలిమ్స్‌లో ఒక్క పేపర్ రాసినా లెక్కే. "ఊరికే చూసొద్దాం" అని సిద్ధం కాకుండా వెళ్లడం జనరల్ కేటగిరీ వాళ్లకు ఖరీదైన సరదా.

2. డిగ్రీ కంటే ముందు ఆప్షనల్ జాబితా చదవండి

మెయిన్స్‌లో మెరిట్‌కు లెక్కించే మార్కులు 1750. వ్యాసానికి 250, జనరల్ స్టడీస్ నాలుగు పేపర్లకు వెయ్యి, ఆప్షనల్ రెండు పేపర్లకు 500. ఇంటర్వ్యూ 275 కలిపితే మొత్తం 2025. వ్యాసం, జనరల్ స్టడీస్ అందరికీ ఒకటే. మీరు మీకోసం ఎంచుకునేది ఆ 500 మార్కుల సబ్జెక్టునే.

జాబితాలో 25 సబ్జెక్టులు, వాటికి తోడు 23 భాషల సాహిత్యాలు ఉన్నాయి. హైదరాబాద్ తల్లిదండ్రులు ఈ జాబితా ఒకసారి చదివితే కాస్త ఉలిక్కిపడతారు, ఎందుకంటే అందులో కంప్యూటర్ సైన్స్ లేదు. బయోటెక్నాలజీ లేదు, ఫార్మసీ లేదు, జర్నలిజం లేదు. ఇంజినీరింగ్‌లో ఉన్నవి సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ మాత్రమే. ఊళ్లో సగం మంది ఏ బ్రాంచి కోసం డొనేషన్లు కడుతున్నారో ఆ బ్రాంచి చదివినవాళ్లు ఆప్షనల్ కోసం కొత్త సబ్జెక్టు మొదలుపెట్టక తప్పదు.

అదేమీ ఘోరం కాదు. 2017 పరీక్షలో దేశంలోనే మొదటి ర్యాంకు సాధించిన మెట్‌పల్లి యువకుడు అనుదీప్ దురిశెట్టి చదివింది బిట్స్ పిలానీలో ఇంజినీరింగ్, ఆప్షనల్ ఆంత్రోపాలజీ. 2022లో మూడో ర్యాంకర్ ఉమా హారతి ఐఐటీ హైదరాబాద్‌లో సివిల్ ఇంజినీరింగ్ చదివారు. సివిల్ ఇంజినీరింగ్ జాబితాలో ఉన్నా ఆమె కూడా ఆంత్రోపాలజీనే తీసుకున్నారు. 2023లో మూడో ర్యాంకు తెచ్చుకున్న దోనూరు అనన్యారెడ్డి డిగ్రీలో జాగ్రఫీ చదివి ఆప్షనల్‌గా ఆంత్రోపాలజీ ఎంచుకున్నారు. 2016లో మూడో ర్యాంకర్ రోణంకి గోపాలకృష్ణ ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు, ఆప్షనల్ తెలుగు సాహిత్యం. సాహిత్యం తీసుకోవడానికి అదే సాహిత్యంలో డిగ్రీ ఉండాలన్న నిబంధన కూడా లేదు.

ఈ పేర్లు చూసి "అయితే ఆంత్రోపాలజీయే తీసుకోవాలి" అనుకోకండి. నేను చెప్పే పద్ధతి ఇది. జాబితాలో మీకు కాస్త ఆసక్తి ఉన్న మూడు సబ్జెక్టులు గుర్తుపెట్టుకోండి. యూపీఎస్సీ వెబ్‌సైట్‌లో సిలబస్, పాత ప్రశ్నపత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో సబ్జెక్టుకు రెండేళ్ల పేపర్లు ప్రింట్ తీయించి చదవండి. జవాబులు తెలియక్కర్లేదు. ప్రశ్న చదవగానే "దీనికి జవాబు ఏమై ఉంటుంది" అని తెలుసుకోవాలనిపిస్తోందా, లేక నాలుగో ప్రశ్నకే ఆవలింత వస్తోందా, అది గమనించండి. ఏడాదిన్నర పాటు రోజూ చదవాల్సిన సబ్జెక్టు అది. "స్కోరింగ్ సబ్జెక్టు" అన్న ప్రచారం రెండేళ్లకోసారి మారుతుంది. ఒకప్పుడు కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ అశోక్‌నగర్‌లో ఏ గదికి వెళ్లినా పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పుస్తకాలే కనిపించేవి, ఇప్పుడు ఆ ఊపు లేదు.

3. ఇక డిగ్రీ

ఏ కోర్సు అయినా మూడు ప్రశ్నలతో తూచండి. ఇరవై ఏడేళ్ల వయసులో సివిల్స్ వదిలేయాల్సి వస్తే దీంతో నాకు ఏ పని దొరుకుతుంది? ఈ కోర్సు రోజుకు రెండు గంటలైనా నాకు మిగులుస్తుందా? నాకు ఈ సబ్జెక్టు ఇష్టమేనా?

బీటెక్: మార్కులు బాగా వచ్చి, లెక్కలంటే భయం లేకపోతే బీటెక్ తప్పేమీ కాదు. ఉద్యోగం అనే ఆసరా ఉంటుంది, ప్రిలిమ్స్‌లో లెక్కలు, తార్కికం పరీక్షించే సీశాట్ పేపర్ మిమ్మల్ని పెద్దగా ఇబ్బంది పెట్టదు. కానీ ల్యాబ్‌లు, రికార్డులు, అటెండెన్స్, సెమిస్టర్ పరీక్షలు పోను మిగిలే సమయం తక్కువ. కోడింగ్ అంటే చిరాకుపడే పిల్లాణ్ని "ఎలాగూ సివిల్సే కదా, పేరుకు బీటెక్ చెయ్" అని చేర్చడమే నేను ఒప్పుకోని పని. నాలుగేళ్ల తర్వాత బ్యాక్‌లాగ్‌లు ఉంటాయి, ఉద్యోగం ఉండదు, ప్రిలిమ్స్ సిలబస్ తెరిచి కూడా ఉండడు.

బీఏ: మన దగ్గర బీఏ అంటే ఇంకా చిన్నచూపే. "ఏం సీటు రాలేదా?" అని చుట్టాలు అడుగుతారు. కానీ హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ కాంబినేషన్ తీసుకున్నవాళ్లు జనరల్ స్టడీస్‌లో పెద్ద భాగం తరగతిలోనే చదివేస్తారు, రోజులో సమయమూ మిగులుతుంది. దోస్త్ ద్వారా అయితే బషీర్‌బాగ్‌లోని నిజాం కాలేజీ, పాతబస్తీ అంచున సిటీ కాలేజీ, అమ్మాయిలకు కోఠిలో ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో ఉన్న మహిళా విశ్వవిద్యాలయం చూడదగినవి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత నేరుగా చేరే అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ కోర్సులున్నాయి. వాటికి సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి, దాని దరఖాస్తు గడువు ఇంటర్ ఫలితాల కంటే ముందే ముగుస్తుంది. బీఏ వాళ్లకు రెండు లోటులు: సీశాట్ లెక్కలు, డిగ్రీ తర్వాత నేరుగా ఉద్యోగం. మొదటిదాన్ని రోజుకు అరగంట సాధనతో పూడ్చుకోవచ్చు. రెండోదానికి పీజీ ఏం చేస్తారో చేరేటప్పుడే అనుకోవాలి. ఉదాహరణకు ఎకనామిక్స్‌లో పీజీ చేస్తే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష కూడా రాయొచ్చు.

బీఎస్సీ, వ్యవసాయం: ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఉంది. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే జరుగుతుంది. కానీ దానికి ఏ డిగ్రీ పడితే ఆ డిగ్రీ సరిపోదు. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, గణితం, స్టాటిస్టిక్స్, జియాలజీ, పశువైద్యం వంటి వాటిలో కనీసం ఒకటి చదివి ఉండాలి, లేదా వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్ డిగ్రీ కావాలి. వీటిలో ఏ సబ్జెక్టూ లేని బీఏ తీసుకుంటే ఆ తలుపు మూసుకున్నట్టే. బైపీసీ చదివి ఎంబీబీఎస్ సీటు రానివాళ్లకు నేను తరచూ చెప్పేది రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బీఎస్సీ అగ్రికల్చర్ గురించి. అగ్రికల్చర్ ఆప్షనల్‌గా ఉంది, ఫారెస్ట్ సర్వీస్‌కు అర్హత ఉంది, రెండూ రాకపోయినా వ్యవసాయ శాఖ, బ్యాంకుల్లో వ్యవసాయాధికారి కొలువుల దారి ఉంది.

లా: శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి క్లాట్, ఉస్మానియా లా కాలేజీలకు లాసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. అయిదేళ్లు పడుతుంది, కానీ లా ఆప్షనల్ ఉంది, పాలిటీ (రాజ్యాంగం, పాలన) మీద పట్టు దొరుకుతుంది, న్యాయవాద వృత్తి చేతిలో ఉంటుంది. బీకామ్ వాళ్లకు కామర్స్ అండ్ అకౌంటెన్సీ ఉంది. అయితే సీఏ, సివిల్స్ ఒకేసారి మొదలుపెట్టకండి. ఎంబీబీఎస్ చేసేవాళ్లు ముందు ఆ చదువు పూర్తి చేయడమే మంచిది.

ఇంట్లో డబ్బుకు ఇబ్బందిగా ఉండి పనిచేస్తూ చదవాల్సినవాళ్లకు జూబ్లీహిల్స్‌లో అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో దేశంలో మొదలైన తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. ఆ డిగ్రీతో సివిల్స్ రాయడానికి అడ్డేమీ లేదు. "రెగ్యులర్ కాలేజీ దండగ, దూరవిద్యలో కట్టి ఇప్పటినుంచే కోచింగ్‌లో కూర్చుందాం" అనే పద్దెనిమిదేళ్ల పిల్లలకు మాత్రం వద్దనే చెబుతాను. కాలేజీలో నలుగురితో మాట్లాడటం, వాదించడం, ఒక సెమినార్‌లో తడబడి మళ్లీ నిలదొక్కుకోవడం ఇవన్నీ తర్వాత ఇంటర్వ్యూ గదిలో అక్కరకొస్తాయి.

4. "డిగ్రీతో పాటు ఐఏఎస్" ప్యాకేజీలు

నగరంలో ఇంటర్ నుంచే, కొన్నిచోట్ల ఆరో తరగతి నుంచే సివిల్స్ ఫౌండేషన్ అమ్ముతున్నారు. డిగ్రీతో కలిపి ఐఏఎస్ శిక్షణ అంటే తల్లిదండ్రులకు ఊరటగా ఉంటుంది. ఫీజు కట్టే ముందు మూడు విషయాలు అడగండి. డిగ్రీ ఏ యూనివర్సిటీ ఇస్తుంది, కాలేజీకి దాని గుర్తింపు ఉందా? సివిల్స్ పాఠాలు చెప్పేవాళ్లు కాలేజీ లెక్చరర్లేనా, బయటినుంచి వచ్చేవాళ్లా? మధ్యలో మానేస్తే ఎంత వాపసు ఇస్తారు? మూడోదానికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వకపోతే లేచి వచ్చేయండి. హోర్డింగ్ మీది ర్యాంకర్ల ఫొటోలను అసలు పట్టించుకోకండి. ఇంటర్వ్యూకు ముందు ఒక్క మాక్ ఇంటర్వ్యూకు వెళ్లినవాళ్ల ఫొటో కూడా అక్కడ ఉంటుంది.

5. భాష సంగతి ఇప్పుడే తేల్చుకోండి

మెయిన్స్‌లో అర్హత పేపర్లు రెండు, ఒకటి భారతీయ భాష, ఒకటి ఇంగ్లిష్. ఒక్కోదానికి 300 మార్కులు, 25 శాతం అంటే 75 రావాలి. ఈ మార్కులు ర్యాంకులో కలపరు, కానీ తప్పితే మిగతా పేపర్లను లెక్కలోకే తీసుకోరు.

హైదరాబాద్‌లో ఇది నిజమైన ప్రమాదం. ఇంగ్లిష్ మీడియంలో చదివి, మార్కుల కోసం ఇంటర్‌లో సంస్కృతం తీసుకున్న పిల్లలు ఇక్కడ వేలల్లో ఉన్నారు. సంస్కృతంలో 98 వచ్చి ఉంటుంది, సంస్కృతంలో ఒక్క వాక్యం సొంతంగా రాయలేరు. తెలుగు మాట్లాడతారు, ఒక పేజీ రాయమంటే ఒత్తులు తప్పుతాయి. భాషా పేపర్‌లో 100 మార్కుల వ్యాసం, చదివి జవాబులు రాయడం, సంక్షిప్తీకరణ, ఇంగ్లిష్ నుంచి తెలుగుకూ తెలుగు నుంచి ఇంగ్లిష్‌కూ అనువాదం ఉంటాయి. వారానికొకసారి తెలుగు పత్రిక సంపాదకీయం చదివి, దాన్ని మూడో వంతుకు కుదించి చేత్తో రాయండి. డిగ్రీ మొదటి ఏడాది నుంచి ఇంత చేస్తే చాలు, చివర్లో టెన్షన్ ఉండదు.

తెలుగు మీడియం పిల్లల ఇబ్బంది వేరు. మెయిన్స్ జవాబులు తెలుగులో రాయొచ్చు, ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వొచ్చు. కానీ ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. మెయిన్స్‌లోనూ సాహిత్యం, భాషా పేపర్లు తప్ప మిగతా ప్రశ్నలు ఆ రెండు భాషల్లోనే వస్తాయి. కాబట్టి ఇంగ్లిష్ చదివి వేగంగా అర్థం చేసుకోవడం అందరికీ అవసరం, ఇంగ్లిష్‌లో అందంగా రాయడం అందరికీ అవసరం లేదు. తెలుగులో రాసేవాళ్లకు తాజా అంశాల మీద మంచి నోట్సు దొరకదు, సొంతంగా తయారు చేసుకోవాలి. ఆ శ్రమకు సిద్ధమైతేనే ఆ మాధ్యమం తీసుకోండి. "ఇంగ్లిష్ రాదు కాబట్టి తెలుగు" అన్నది సరైన కారణం కాదు. తెలుగులో ఆలోచన ధారగా వస్తుందా లేదా అన్నదే చూసుకోవాలి.

6. డిగ్రీ రోజుల్లో ఏం చేయాలి

మొదటి ఏడాది ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు, ఒక దినపత్రిక. ఆరు నుంచి పన్నెండు దాకా చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, ఆర్థికశాస్త్రం చదవండి. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. తెలుగులో కావాలంటే తెలుగు అకాడమీ ఇంటర్, డిగ్రీ పుస్తకాలు మేలు. పాతవి కోఠిలో, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద సగం ధరకే దొరుకుతాయి. కాకపోతే ఆర్థికశాస్త్రం, పాలిటీ మాత్రం పాత ముద్రణలు కొనకండి, చట్టాలు, లెక్కలు మారిపోయి ఉంటాయి.

పత్రిక చదవడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పొద్దున్నే మూడు గంటలు కూర్చుని పేపర్ మొత్తం నోట్సు రాసే పిల్లలు కనిపిస్తారు. వారం తర్వాత ఆ నోట్సు వాళ్లే తిరగేయరు. పేపర్‌ను సిలబస్ పక్కన పెట్టుకుని చదవాలి. మూసీ పునరుజ్జీవనం మీద వార్త వచ్చిందనుకోండి. ఏ నాయకుడు ఎవరిని తిట్టాడన్నది మనకు అక్కర్లేదు. నది ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుంది, 1908 వరదల తర్వాత జంట జలాశయాలు ఎందుకు కట్టారు, నదీగర్భంలో ఇళ్లున్నవాళ్లకు పునరావాసం ఎలా, మురుగునీటి శుద్ధి ఎవరి బాధ్యత? ఒకే వార్తలో భూగోళం, చరిత్ర, పాలన, పర్యావరణం, నైతికత ఉన్నాయి. ప్రతి అంశానికి రెండు వాక్యాలు, అంతే. గంటలో పత్రిక ముగియాలి.

రెండో ఏడాది ఆప్షనల్ ఖరారు చేసుకుని దాని ప్రాథమిక పుస్తకాలు మొదలుపెట్టండి. ఆ ఏడాదే ఒక ఆదివారం గడియారం పెట్టుకుని పాత సీశాట్ పేపర్ ఒకటి రాయండి. వంద పైన వస్తే దాన్ని వదిలేయొచ్చు, ఎనభై లోపు వస్తే ఆ రోజు నుంచే రోజూ అరగంట. ఆఖరి ఏడాది జనరల్ స్టడీస్ సిలబస్‌ను ఒక చుట్టు పూర్తి చేయాలి. కేంద్ర బడ్జెట్, ఆర్థిక సర్వే, కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం (పీఐబీ) ప్రకటనలు, యోజన పత్రిక వంటివి అప్పుడు చాలు. యోజన తెలుగులోనూ వస్తుంది.

7. అశోక్‌నగర్‌కు ఎప్పుడు, ఎందుకు

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి ఇందిరాపార్క్ దాకా, అటు చిక్కడపల్లి, దోమలగూడ, గాంధీనగర్ సందుల్లో వేలమంది అభ్యర్థులు ఉంటారు. హాస్టళ్లు, మెస్‌లు, జిరాక్స్ షాపులు, స్టడీ హాళ్లు అన్నీ నడిచివెళ్లే దూరంలోనే. అక్కడ ఉండటం వల్ల లాభం సమాచారం, తోటివారు. నష్టమూ వాళ్లతోనే. టీకొట్టు దగ్గర కటాఫ్ చర్చలకు రెండు గంటలు పోతాయి.

కోచింగ్ అవసరమా? సిలబస్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు, సొంతంగా కూర్చోలేనివాళ్లకు ఒక ఏడాది పనికొస్తుంది. డిగ్రీలోనే ఎన్‌సీఈఆర్‌టీలు, పత్రిక పూర్తి చేసినవాళ్లకు ఆప్షనల్ పాఠాలు, ఒక మంచి టెస్ట్ సిరీస్ చాలని నా అభిప్రాయం. చేరే ముందు డెమో క్లాసుకు మాత్రమే వెళ్లి నిర్ణయించుకోకండి, డెమో ఎప్పుడూ బాగానే ఉంటుంది. కోర్సు మధ్యలో ఉన్న బ్యాచ్‌లో ఒక సాధారణ మంగళవారం క్లాసు విననివ్వమనండి. దిద్దిన జవాబు పత్రాలు రెండు మూడు చూపించమనండి. మార్జిన్‌లో "గుడ్", "ఇంప్రూవ్" తప్ప ఏమీ లేకపోతే ఆ డబ్బు దండగ. ఫీజు ఒకేసారి కట్టొద్దు.

డబ్బు పెట్టలేనివాళ్లు ముందు ప్రభుత్వ స్టడీ సర్కిళ్లు చూడండి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ సంక్షేమ శాఖలవి విడివిడిగా ఉన్నాయి. ప్రవేశ పరీక్ష రాసి ఎంపికైతే శిక్షణ ఉచితం. చదువుకోవడానికి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం, అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉన్నాయి. చిక్కడపల్లిలో పొద్దున ఆలస్యంగా వెళితే కుర్చీ దొరకదు, చెట్ల కింద కూర్చునేవాళ్లూ ఉంటారు. ప్రిలిమ్స్ గట్టెక్కిన తెలంగాణ అభ్యర్థులకు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే, సింగరేణి సంస్థ ద్వారా లక్ష రూపాయలు ఇచ్చే రాజీవ్ గాంధీ సివిల్స్ అభయహస్తం పథకం 2024లో మొదలైంది. ఫలితాలు రాగానే దాని నోటిఫికేషన్ కోసం చూడండి.

8. ప్రిలిమ్స్, ఆ తర్వాత రాత

జనరల్ స్టడీస్‌లో 100 ప్రశ్నలు, 200 మార్కులు. సీశాట్‌లో 80 ప్రశ్నలు, 200 మార్కులు, అందులో 66 వస్తే చాలు. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు పోతుంది. జనరల్ కేటగిరీ కటాఫ్ 2023లో 75.41, 2024లో 87.98. అంటే రుణాత్మక మార్కులు పోను 38 నుంచి 44 ప్రశ్నలకు సరిపడా మార్కులు తెచ్చుకున్నవాళ్లు గట్టెక్కారు. వంద ప్రశ్నలూ తెలియాల్సిన పని లేదు, తెలిసినవి పోగొట్టుకోకుండా ఉండటమే పని. అందుకే చివరి మూడు నెలలు కొత్త పుస్తకం ముట్టకుండా పాత ప్రశ్నపత్రాలు, మాక్ టెస్టులు, వాటిలో తప్పుల పుస్తకం. ప్రతి టెస్టు తర్వాత తప్పులను మూడుగా విడదీయండి: తెలియక తప్పినవి, తెలిసి తొందరపడి తప్పినవి, ఊహించి తప్పినవి. రెండోవి ఎక్కువైతే ఇంకా చదవడం మందు కాదు, నెమ్మదిగా ప్రశ్న చదవడమే మందు.

మెయిన్స్‌లో జనరల్ స్టడీస్ మొదటి మూడు పేపర్లలో మూడు గంటల్లో ఇరవై ప్రశ్నలు రాయాలి. పది మార్కులదానికి 150 పదాలు, పదిహేను మార్కులదానికి 250. సగటున ప్రశ్నకు తొమ్మిది నిమిషాలు. చేతిరాత వేగం లేనివాడికి జ్ఞానం ఎంతున్నా పదహారో ప్రశ్న దగ్గరే గంట కొడుతుంది. ప్రిలిమ్స్ అయ్యాక మొదలుపెడదాం అనుకుంటే మిగిలేది మూడు నెలలు. కాబట్టి అంతకు ముందు ఏడాది నుంచే రోజుకు ఒక్క జవాబు, కాగితం మీద, గడియారం పెట్టుకుని. దిద్దేవాళ్లు దొరక్కపోతే ఇద్దరు స్నేహితులు పత్రాలు మార్చుకోండి. "ప్రశ్న అడిగింది చెప్పావా?" అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు.

9. గ్రూప్-1 కూడా రాయాలా

రాయండి, కానీ దాని స్వభావం తెలుసుకుని. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో అర్హత ఇంగ్లిష్ కాక ఆరు పేపర్లు, మొత్తం 900 మార్కులు, ఇంటర్వ్యూ లేదు. అయిదు పేపర్లకు సివిల్స్ చదువు చాలావరకు సరిపోతుంది, రాష్ట్ర చరిత్ర, భూగోళం, ఆర్థిక వ్యవస్థ కలుపుకోవాలి. ఆరోది తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. దాన్ని విడిగా చదవాల్సిందే. ప్రిలిమ్స్ 150 మార్కులు.

ఇబ్బంది సమయంతో వస్తుంది. 2022లో 503 పోస్టులకు వచ్చిన నోటిఫికేషన్‌లో ప్రిలిమ్స్ రెండుసార్లు జరిగి రెండుసార్లూ రద్దయింది, మొదటిది పేపర్ లీకేజీ వల్ల, రెండోది హైకోర్టు తీర్పుతో. చివరికి 2024లో ఆ నోటిఫికేషన్ ఉపసంహరించి 563 పోస్టులకు కొత్తది ఇచ్చారు. ఆ రెండేళ్లూ దాన్నే పట్టుకుని కూర్చున్నవాళ్ల వయసు మాత్రం ఆగలేదు. యూపీఎస్సీ క్యాలెండర్ ముందే వస్తుంది, పెద్దగా తప్పదు. అందుకే సంవత్సరాన్ని యూపీఎస్సీ చుట్టూ పెట్టుకుని, గ్రూప్-1 తేదీలు వచ్చినప్పుడు రెండు మూడు నెలలు అటు మళ్లండి.

10. ఎప్పుడు ఆపాలో ముందే రాసుకోండి

ఈ మాట మొదటి రోజే ఇంట్లో మాట్లాడుకోవాలి, విఫలమైన రోజు కాదు. నా సలహా ఇది. పూర్తి సమయం పెట్టి రెండుసార్లు రాయండి. రెండుసార్లూ ప్రిలిమ్స్ దాటకపోతే ఉద్యోగంలోకో పీజీలోకో వెళ్లి అక్కడినుంచి రాయండి. మెయిన్స్ దాకా వెళ్తూ ఉంటే మూడోసారి కూడా పూర్తి సమయం ఇవ్వొచ్చు. ఉమా హారతి, అనుదీప్ ఇద్దరికీ ర్యాంకు వచ్చింది అయిదో ప్రయత్నంలో. కానీ అనుదీప్ ఆ ముందే ఇండియన్ రెవెన్యూ సర్వీస్ (ఐఆర్ఎస్) ఉద్యోగంలో ఉన్నారు. అయిదోసారి రాసేవాడికి నెల జీతం ఉండటానికీ, ఇంటినుంచి హాస్టల్ డబ్బు అడగాల్సి రావడానికీ చాలా తేడా ఉంది. మూడో సెక్షన్‌లో డిగ్రీ గురించి వేసిన మొదటి ప్రశ్న ఇక్కడ అక్కరకొస్తుంది.

11. కాగితాలు

ఎవరూ పట్టించుకోని చోట అవకాశం పోగొట్టుకునేవాళ్లున్నారు. యూపీఎస్సీకి పుట్టినతేదీ రుజువు టెన్త్ సర్టిఫికెట్టే. అందులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, డిగ్రీ మెమోలో చివర్న ఉండటం మన దగ్గర మామూలు. డిగ్రీ చదివే రోజుల్లోనే వీటిని సరిచేయించుకోండి.

రాష్ట్రంలో బీసీ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన కేంద్ర పరీక్షలో ఓబీసీ కాలేరు. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. ఉంటే కేంద్ర నమూనాలో, క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి) కాదని చెప్పే ఓబీసీ సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఏ ఆర్థిక సంవత్సరం ఆదాయానికి ఇచ్చారన్నదీ ముఖ్యమే. నోటిఫికేషన్‌లో అడిగిన సంవత్సరానిదే, అడిగిన తేదీలోపు జారీ అయి ఉండాలి. మీసేవలో దరఖాస్తు పెట్టాక తహసీల్దారు కార్యాలయం నుంచి వచ్చేసరికి రోజులు పడతాయి, కాబట్టి ప్రతి ఏటా నోటిఫికేషన్ రాకముందే ఆ పని ముగించి పెట్టుకోండి.